ఒక గొర్రెకు ఇద్దరు సొంతదారులు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు ఆఫీసు వాళ్ళు ఒక పుస్తకం ఇస్తారు. అందులో గుండ్రాలు, బాణాలు, వాటి మీద చిన్న అక్షరాలు ఉంటాయి. చదవండి, తప్పేమీ లేదు. కానీ ఆ పుస్తకంలో గొర్రెలు లేవు, మనుషులు లేరు, మనుషులకూ గొర్రెలకూ మధ్య ఉండే ఒప్పందాలు లేవు. వాటి సంగతి నేను చెబుతాను. నేను చదివింది ఐదో తరగతి. ఈ పనిలో పదకొండేళ్ళు ఉన్నాను. రెండు తప్పులు చేశాను, రెండూ పెద్దవే. ఈ రాత ముఖ్యంగా వాటి గురించే.

జీతం ఎంత, సెలవులు ఎన్ని అన్నది రాయను. అది ఎవరికి వాళ్ళు అడిగి తెలుసుకోవాలి. అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

నన్నెందుకు పెట్టుకున్నారు

ఉదయగిరిలో గొర్రెలు పెంచేవాళ్ళ సంఘం ఒకటి ఉండేది. అందులో నేను మందుల గది చూసుకునేదాన్ని. ఒకసారి సంఘం పెద్దమనిషే వచ్చి, తన గొర్రెకు దగ్గు పట్టిందని మందు సీసా అడిగాడు. సీసా ఇవ్వను, గొర్రెను తోలుకురమ్మన్నాను. నాలుగు మైళ్ళు తోలుకొచ్చాడు. గొర్రెకు ఎంత కావాలో అంత పట్టించి, మూత బిగించి, సీసాను మళ్ళీ బీరువాలో పెట్టాను. ఆయన నన్ను తిట్టుకుంటూ పోయాడు. గొర్రె బతికింది. మిగిలిన మందుతో ఇంకో ఆరు బతికాయి.

ఆ తరువాత ఆత్మకూరులో ఒక ఆఫీసు తెరిచారు. చుట్టుపక్కల మండలాల్లో ఉన్న మందల సమాచారమంతా కంప్యూటర్లో పెట్టి, ఒకదానితో ఒకటి ముడివేసి, డాక్టర్లు, టీకాల వాళ్ళు, పొట్టేళ్ళు కొనేవాళ్ళు, గొర్రెల వాళ్ళు అందరూ పంచుకునేటట్టు చేస్తామన్నారు. పంచుకోవడమంటే అందరూ అన్నీ చూడడం కాదు. ఎవరు ఏది చూడొచ్చో, ఏది చూడకూడదో ఒకరు తేల్చాలి. ఆ ఒకరికి ఊళ్ళ సంగతులు తెలియాలి, మొహం మీద లేదని చెప్పడం రావాలి. ఆ ఆఫీసు పెద్ద రాఘవులు సారు సంఘానికి వచ్చి అడిగితే, అందరూ ఒక్క గొంతుతో నా పేరు చెప్పారట. మెచ్చుకుని చెప్పారో, నన్ను మందుల గది నుంచి సాగనంపడానికి చెప్పారో నేను విచారించలేదు.

ఉదయగిరిలో నాకొక గది, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను ఇచ్చారు. ఫ్యాను ఎండాకాలం తప్ప వేయలేదు.

మూడు ముక్కల మాట

పని నేర్పింది షబానా. ఆత్మకూరు మనిషి, ఇంజనీరు, ఇద్దరు బిడ్డల తల్లి. బొమ్మలు గీసి చెప్పబోతే కాగితం దండగ చేయవద్దన్నాను. నోటితోనే చెప్పింది.

"అవ్వా, ఇందులో ప్రతిదానికీ ఒక చిరునామా ఉండాది. గొర్రెకు, మనిషికి, ఊరికి, టీకాకు. ఏ సంగతైనా మూడు ముక్కల్లో చెప్పాల. ఈ గొర్రె, తల్లి, ఆ గొర్రె. అంతే."

"నాలుగో ముక్క చెప్పాల్సి వస్తే?"

"ఇంకో మాట మొదలుపెట్టాల."

"బాగుండాది. మా కోడళ్ళు ఇట్టా మాట్లాడుకుంటే సగం పొద్దు మిగిలేది."

ఇలాంటి మాటలు వేలకు వేలు పోగవుతాయి. మిషను వాటిని పక్కపక్కన పెట్టి, మనం చెప్పని సంగతిని కూడా తానే తేల్చుకుంటుంది. తల్లికి తల్లి అమ్మమ్మ అవుతుందని ఒక్కసారి చెబితే చాలు, అన్ని మండలాల్లోని గొర్రెలకూ అమ్మమ్మలను వెతికి పెడుతుంది. ఈ తేల్చుకునే గుణమే దాని బలం. మనకు తలనొప్పి వచ్చేది కూడా దాంతోనే.

ప్రతి మాటకూ ఒక తాళం ఉంటుంది. ఆ తాళం ఎవరికి తెరుచుకోవాలో చెప్పడం నా పని. అడిగినంత ఎప్పుడూ ఇవ్వలేదు. పనికి ఎంత కావాలో అంత ఇచ్చాను. టీకా వేసేవాడికి మంద ఎక్కడుందో తెలియాలి, మంద ఆసామి వియ్యంకుడి పేరెందుకు? పొట్టేలు కొనేవాడికి దాని తండ్రి, తాత కావాలి, అది ఏ చేను గట్టున పడుకుంటుందో ఎందుకు? అది అడిగేవాడు దొంగ.

దాచినా బయటపడేవి

ఒక్క మాటకు తాళం వేసి నిశ్చింతగా ఉండకండి.

దుత్తలూరు వైపు ఒక ఆసామి ఉండేవాడు. బావమరిదితో పదేళ్ళుగా మాటల్లేవు. కానీ ఆ బావమరిది పొట్టేలు మేలైనది. ఈయన మూడో మనిషి చేత ఆ పొట్టేలును తెప్పించి, తన మందలో వారం రోజులు ఉంచుకున్నాడు. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు రాయించడానికి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"తండ్రి పేరు ఎవురికీ కనపడకూడదవ్వా. పరువు పోతాది."

"పొట్టేలు పరువా, నీ పరువా?"

"నాదే."

తాళం వేశాను. తండ్రి పేరు ఎవరికీ కనపడలేదు. కానీ ఒకే తండ్రికి పుట్టిన పిల్లలను జత కట్టించకూడదని మిషనుకు ముందే ఎవరో నేర్పి ఉన్నారు. అది ఆ సంవత్సరం అందరికీ కనపడేటట్టు ఒక హెచ్చరిక పెట్టింది: ఫలానా వారి పిల్లలను వారి బావమరిది మందలోని పిల్లలతో కలపవద్దు, అవి అన్నాచెల్లెళ్ళు. ఊరు ఊరంతా చదివింది. గొర్రెలు చుట్టరికం కలుపుకున్నాక మనుషులకు మాటల్లేకపోవడమేందని ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి నవ్వారు.

ఇందులో నేర్చుకోవలసింది ఇది. ఒక మాట దాచేముందు, దాని వైపు వేలు చూపించే మాటలు ఎన్ని ఉన్నాయో చూడాలి. అవన్నీ దాచలేకపోతే, దాస్తానని మాట ఇవ్వకూడదు.

బాసు ఎవరో మిషనుకు తెలియలేదు

ఇది నా మొదటి తప్పు. రాఘవులు సారు ఒకరోజు గట్టిగా చెప్పారు: "వెంగమ్మా, ఈ ఆఫీసు లోపలి సంగతులు ఏవీ బయటికి కనపడకూడదు. అన్నిటికీ తాళం పడాలి. నా అనుమతి లేకుండా ఏదీ తెరుచుకోకూడదు."

అన్నిటికీ అన్నారు కాబట్టి అన్నిటికీ వేశాను. వాటిలో 'ఈ ఆఫీసు, పెద్ద, రాఘవులు' అన్న మూడు ముక్కల మాట కూడా ఉంది. మర్నాడు సారు కంప్యూటరు తెరిస్తే మిషను రానివ్వలేదు. పెద్ద ఎవరో చూద్దామంటే ఆ మాటకు తాళం ఉంది. ఆ తాళం తీయాలంటే పెద్ద అనుమతి కావాలి. పెద్ద ఎవరో తెలియదు.

ఆయన ఫోను చేశారు. "నేను బాసునమ్మా!"

"మీరు బాసని నాకు తెలుసు సార్. మిషనుకు తెల్దు."

"అయితే నువ్వు చెప్పు దానికి!"

"చెప్పాలంటే బాసు ఒప్పుకోవాల."

"నేను ఒప్పుకుంటున్నా!"

"ఎవురుగా?"

మూడు రోజులు ఆయన తన ఆఫీసులో తాను సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి కూర్చున్నారు. షబానా ఎక్కడో లోపలికి దూరి, ఆ ఒక్క మాటను తాళంలో నుంచి బయటికి లాగింది. సారు నన్ను తిట్టారు. ఆ తిట్లు నాకు రావలసినవే. పెద్దవాళ్ళు 'అన్నీ' అన్నప్పుడు అన్నీ అని అర్థం కాదు. ఎంతవరకు అని ఎదురు అడగాలి. నేను అడగలేదు.

రమణమ్మ

ఇక రెండో తప్పు. దానికి ముందు రమణమ్మ సంగతి చెప్పాలి.

ఒక ఉదయం వరికుంటపాడు నుంచి ఆటోలో వచ్చి నా గది ముందు నిలబడింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాచలేకపోయేది. ఒక రైతు దగ్గర ఇరవై గొర్రెలను పాలికి తీసుకుని మేపుతోంది. పాలికి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: తల్లి గొర్రెలు ఒకరివి, మేపే కష్టం ఇంకొకరిది, పుట్టిన పిల్లలు ఇద్దరికీ చెరిసగం. మా వైపు సగం మందలు ఇలాగే నడుస్తాయి.

"చిటుక రోగానికి టీకా కావాలంటే ఈడ పేరు రాయించుకోవాలంట గదా అవ్వా?"

"అవును. పేరు, మంద ఉండే చోటు."

"చోటు ఎవురెవురికి తెలుస్తాది?"

"నేను తెలియనిచ్చినోళ్ళకే."

"టీకా బండికి చెప్పు. మా ఆయనకు మాత్రం చెప్పబాక. పెంచలయ్య ఆయన పేరు. అనంతసాగరం కాడ ఉంటాడు. ఆయనా పాలికి మేపతాడు, ఆయన పేరు కూడా ఇందులో ఉంటాది." చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. "ముందు సంగం ఊళ్ళో వరి నాట్లకు పోతా ఉంటే కనుక్కొని వచ్చినాడు. ఈ చెయ్యి అప్పటిది. ఈసారి వస్తే గొర్రెల్ని కూడా తోలుకుపోతాడు. అవి నాయి కూడా కాదు."

"అంత భయముంటే పేరు రాయించబాక."

"చిటుక వస్తే పొద్దున మేసిన గొర్రె మాపటికి ఉండదు. ఇరవై పోతే ఆ రైతుకు నేనేం చెప్పేది? పిల్లలు పుడతాయనే గదా నేను ఒంటరిగా ఉండగలిగేది?"

రాశాను. చోటు చూడగలిగేది ముగ్గురే: పశువుల డాక్టరు, టీకా బండి డ్రైవరు, రమణమ్మ. దుత్తలూరు ఆసామి సంగతి గుర్తుపెట్టుకుని, ఆ చోటు వైపు వేలు చూపించే మాటలన్నీ వెతికి వాటికీ తాళాలు వేశాను. ఆమె అడిగింది, "ఖాయమా?" అని. ఖాయమన్నాను. ఆ మాట అనే అర్హత నాకు లేదని తరువాత తెలిసింది.

మండలాలన్నీ కలిపి ఒక మనిషి

మిషనులో గొర్రెకు ఎదురుగా 'సొంతదారు' అని ఒకటే గడి ఉండేది. పాలికి మేపే గొర్రెకు సొంతదారు ఎవరు? తల్లిని ఇచ్చినవాడా, ఎండలో మేపేవాళ్ళా? ఒకరి పేరే రాస్తే రెండోవాళ్ళకు అన్యాయం. అందుకని నేను ఇద్దరి పేర్లూ రాశాను. ఎవరి నోరూ కొట్టకూడదని నా ఉద్దేశం. ఏళ్ళ తరబడి అలాగే రాశాను.

ఈ మిషను మొదట కట్టినవాళ్ళు ఎక్కడివాళ్ళో నాకు తెలియదు. ఒక గొర్రెకు ఒక్కరే సొంతదారు అని దానికి నేర్పి పోయారు. ఆ నియమం ఉందని నాకు తెలియదు. నేను రెండు పేర్లు రాస్తున్నానని షబానాకు తెలియదు. మనిషైతే 'ఇదేంది, ఇద్దరున్నారే' అని అడుగుతాడు. మిషను అడగదు. సొంతదారు ఒక్కరే, పేర్లు రెండున్నాయి, కాబట్టి ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివే అని తేల్చుకుని ఊరుకుంటుంది. అంతకాలం అది తేల్చే పని సరిగ్గా చేసేది కాదట. రమణమ్మ వచ్చిన సంవత్సరం ఆ పనికి కొత్త ఇంజను పెట్టారు. అది చాలా చురుకైనది.

రమణమ్మ, ఆమెకు గొర్రెలిచ్చిన రైతు ఒకరే అయ్యారు. ఆ రైతు ఇంకో మందను ఇంకొకరికి పాలికిచ్చాడు, వాళ్ళూ ఆయనే అయ్యారు. వాళ్ళకు వేరేచోట ఇంకో పాలు ఉంది. మా వైపు ఒకరితో ఒకరికి పాలు లేని ఇల్లు ఏది? వారం తిరగకముందే ఉదయగిరి నుంచి సోమశిల దాకా గొర్రెలున్న జనమంతా ఒకే మనిషైపోయారు.

షబానా ఆ మనిషి వివరాలు చదివి వినిపించింది. వయసు పందొమ్మిది, ఎనభై నాలుగు కూడా. ఆడ, మగ. తనకు తానే అత్త, తన కోడలికి తానే కోడలు. రెండుసార్లు చనిపోయింది, మూడు చోట్ల కాపురం చేస్తోంది. తన పొట్టేలును తానే తనకు అద్దెకిచ్చి, తిరిగి ఇవ్వలేదని తన మీద తానే ఫిర్యాదు పెట్టింది.

నేను రాఘవులు సారుకు ఫోను చేశాను. ఆయన అప్పటికే రిపోర్టు చూసుకుని సంతోషంగా ఉన్నారు. అందులో 'సభ్యులు: ఒకరు' అని ఉంది.

"ఒక్కరెట్టా ఉంటారు సార్?"

"మిషను తప్పు చెప్పదు వెంగమ్మా. అందరూ ఏకమయ్యారు. పైవాళ్ళు ఇన్నాళ్ళూ అడుగుతున్నది ఇదే కదా, ఐకమత్యం!"

సభ్యుల మీటింగు పెట్టించారు. ఆఫీసు ఆవరణలో షామియానా వద్దన్నారు. ఒక కుర్చీ వేయించారు, ఒక టీ చెప్పారు. ఖర్చు సంగతిలో నాకు అభ్యంతరం లేదు. కానీ మిషను ఆ ఒక్క సభ్యుడికి నోటీసు పంపింది. ఆ సభ్యుడికి ఎన్ని ఫోన్లున్నాయో అన్నిటికీ వెళ్ళింది: 'మీరు ఈ సంస్థలో ఏకైక సభ్యులు. మీరు రాకపోతే మీటింగు జరగదు.'

అందరూ వచ్చారు. బస్సుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద. నేను ఆత్మకూరులో బస్సు దిగి, షబానాతో కలిసి ఆఫీసుకు వెళ్ళేసరికి గేటు దగ్గర తోపులాట. ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోను.

"నోటీసు నాకు వచ్చినాది! నేనే ఏకైక సభ్యుణ్ణి!"

"నీకెట్టా వస్తాదిరా? చూడు, నా పేరు మీద ఉండాది!"

"మీరిద్దరూ పక్కకు తప్పుకోండి. నేను రాకపోతే జరగదంట."

చివరికి ఎనభై నాలుగేళ్ళ ముసలామె ఒకతె ఎవరినీ అడగకుండా వెళ్ళి కుర్చీలో కూర్చుని టీ తాగేసింది. అంతటితో మీటింగుకు కోరం సరిపోయిందని సారు రాసుకున్నారు.

"నేను యాడుండానో నాకు చెప్పండి"

ఆ గుంపులో నుంచి ఒకడు నెమ్మదిగా లోపలికి వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. మాట చాలా మర్యాదగా ఉంది.

"సార్, నా పేరు పెంచలయ్య. అనంతసాగరం. నా ఫోన్లో చూస్తే రమణమ్మ అనే పేరు మీద ఇరవై గొర్రెలు ఉండాయి. మిషను చెప్పేదాన్ని బట్టి ఆ రమణమ్మ నేనేనంట. నేనే అయితే మంచిదే. అయితే నేను యాడుండానో నాకు చెప్పండి."

మంద చోటు ఫోన్లో రాదు, ఆఫీసులో కాగితం మీద మాత్రమే ఇస్తాం. ఆ ఏర్పాటు నాదే. లేకపోతే ఆ మాట కూడా అప్పటికే అతని చేతిలో ఉండేది.

నేను ముందుకు వెళ్ళాను. "నువ్వు ఈడ ఉండావు గదా అబ్బయ్యా. నీ కాళ్ళ కిందికి చూసుకో."

"అది ఒక నేను అవ్వా. ఇంకో నేను యాడో ఉండాది. దాన్ని అడగతా ఉండా."

"ఎందుకో?"

"నా గొర్రెల్ని నేను చూసుకోవద్దా?" అని నవ్వాడు. షబానా నా చెయ్యి పట్టుకుంది.

రాఘవులు సారు చెడ్డవారు కాదు. రూలు పుస్తకం తెరిచారు. తన సమాచారం తాను చూసుకునే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది, ఎవరూ ఆపకూడదు. ఆ రూలు మంచిదే, అది పెట్టించిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. సారు మీట నొక్కారు. ప్రింటరు మొదలైంది.

ఒక మనిషి సమాచారం అంటే ఒక కాగితమే వస్తుంది. కానీ ఈ మనిషికి మండలాలన్నిట్లో మందలున్నాయి. అక్షరాల వరసలో అనంతసాగరం కాగితాలు ముందు వచ్చాయి. తరువాత ఆత్మకూరు. పెంచలయ్య ఒక్కొక్క కాగితం తీసి, చదివి, కౌంటరు మీద పెడుతున్నాడు. తొందరపడలేదు. ఉదయగిరి అయింది. దుత్తలూరు వస్తోంది. దాని తరువాత మర్రిపాడు, ఆ తరువాత వరికుంటపాడు.

"ప్రింటరు వైరు పీకేద్దామా అవ్వా?" అని షబానా గొణిగింది.

"మళ్ళీ పెట్టించుకుంటాడు. ఇంకో దినం వస్తాడు. మిషను వాళ్ళిద్దరూ ఒకటే అనుకున్నంత కాలం ఆయనకు హక్కు ఉండాది."

"ఆ పాలు మాటలన్నీ విడదీయాలంటే ఎనిమిది దినాలు పడతాది."

"ఎనిమిది దినాలు వద్దు. ఒక్క మాట రాయి. మూడు ముక్కలే. రమణమ్మ, వేరు, పెంచలయ్య."

ఆమె నా మొహం చూసింది. "అట్టా రాస్తే మిషను..."

"రాయి ముందు."

పక్క గదిలో కూర్చుని రాసింది. రాసి అనుమతి అడిగింది. రాసే అనుమతి ఇవ్వవలసింది నేనే, ఇచ్చాను.

మిషను ప్రతి కాగితానికీ ముందు ఒకసారి అనుమతి చూసుకుంటుంది. మర్రిపాడు చివరి కాగితం దగ్గర చూసుకుంది. వీళ్ళిద్దరూ ఒకరే అని ఒకవైపు తాను తేల్చింది, వీళ్ళిద్దరూ వేరు అని ఇంకోవైపు ఎవరో చెప్పారు. రెండూ నిజం కావడానికి లేదు. ప్రింటరు ఆగింది. ఆత్మకూరులో, ఉదయగిరిలో, టీకా బండిలో, ఎక్కడెక్కడ దాని తెర ఉందో అక్కడల్లా షబానా ఎప్పుడో రాసిపెట్టిన తెలుగు వాక్యం వచ్చింది: 'నాకు చెప్పిన వాటిలో ఏదో తప్పు ఉంది. ఏది తప్పో నాకు తెలియదు. తేలేవరకు ఎవరికీ ఏమీ చెప్పను.'

పెంచలయ్య తెర వైపు చూశాడు. "ఏమంటా ఉండాది?"

"నువ్వు ఆమె కాదంటా ఉండాది," అన్నాను.

"అది నాకు తెల్దా?"

"తెలిసే గదా అడిగినావు."

అతని చేతిలోదీ, కౌంటరు మీద పెట్టినవీ కాగితాలన్నీ నేను లాక్కున్నాను. వెనకవైపు ఖాళీగా ఉన్నాయి, పనికొస్తాయి. బయట ఆవరణలో జనం ఇంకా కుర్చీ కోసం కొట్లాడుకుంటున్నారు, వాళ్ళలో నుంచి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక ఆడమనిషి కోసం

రాఘవులు సారుకు అసలు కోపం అప్పుడు వచ్చింది. అది న్యాయమైన కోపమేనని ఇప్పుడూ అంటాను.

"వానలు పడబోతున్నాయి. చిటుక రోగం టీకాలకు ఏ మంద ఎక్కడుందో అందులోనే ఉంది. ఒక ఆడమనిషి కోసం అన్ని మందలకూ టీకా ఆపుతావా? ఆ మాట తీసెయ్!"

"ఆ మాటలో తప్పుండాదా సార్?"

"తప్పని కాదు..."

"తప్పుండే మాట వేరే ఉండాది. గొర్రెకు ఒక్కరే సొంతదారు అన్నది తప్పు. ఇద్దరి పేర్లు ఒక గడిలో రాసింది నేను, అది తప్పు. వాటిని తీస్తాను. నిజం మాట ఎందుకు తీయాల?"

"అంతవరకు టీకాలు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది, కానీ గొప్ప జవాబు కాదు. లాక్కున్న కాగితాలు పనికొచ్చాయి. మర్రిపాడు దాకా మందల చోట్లు వాటి మీద అచ్చయి ఉన్నాయి, మిగిలిన మండలాలవి వెనకవైపు నాకు గుర్తున్నంత రాశాను. గుర్తులేనివి సంఘం వాళ్ళను అడిగాను. టీకా బండి డ్రైవరు ఆ కాగితాలు పట్టుకుని తిరిగాడు. రమణమ్మ మంద మాత్రం కాగితం మీద రాయలేదు, డ్రైవరుకు నోటితో చెప్పాను. సీతారామపురం వైపు రెండు మందలు నాకు గుర్తు రాలేదు. అందులో ఒకదానికి రోగం వచ్చి తొమ్మిది గొర్రెలు చచ్చాయి. ఆ ఆసామి ఇంటికి నేను వెళ్ళాను. తిట్టాడు. విన్నాను. ఒకరిని కాపాడడానికి మిషనును ఆపితే, ఇంకొకరికి దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వెళ్ళి చూడాలి. అలా చూడడానికి ఇష్టపడనివాళ్ళు తాళాల జోలికి రాకూడదు.

షబానా 'సొంతదారు' గడిని రెండు చేసింది. ఒకటి 'తల్లిని ఇచ్చినవారు', రెండోది 'మేపేవారు'. ఇక ఒకరిగా కలిసిపోయిన మనుషుల్ని మళ్ళీ విడదీయాలి. ఈసారి నేను పొరపాటుకు చోటివ్వదలచుకోలేదు. ఎవరెవరు ఎవరు కాదో మనుషులే వచ్చి చెప్పాలన్నాను. ఎనిమిది రోజులు నా గది ముందు వరస కట్టారు.

వరసలో అందరికంటే ముందు ఒక అత్తాకోడళ్ళు వచ్చారు.

"రాసుకో వెంగమ్మా. నేను ఇది కాదు," అంది అత్త.

"ఆమె చెప్పకపోయినా నేను ఆమెను కాదు," అంది కోడలు.

"పెద్దగా రాయి."

ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తాము వేరని రాయించుకుని, ఒకే బీడీ చెరిసగం కాల్చి పోయారు. దుత్తలూరు ఆసామి బావమరిదితో కలిసి వచ్చాడు. ఒక ముసలాయన ఒంటరిగా వచ్చి, తనను ఎవరితోనూ కలపలేదా అని అడిగాడు. ఆయనకు ఎవరితోనూ పాలు లేదు. లేదన్నాను. చిన్నబుచ్చుకుని, అయినా ఎవరో ఒకరు కాదని రాయమన్నాడు. రాఘవులు సారు కాదని రాశాను. సంతృప్తిగా వెళ్ళాడు.

చివరి మాట

ఎనిమిదో రోజు మిషను మళ్ళీ నడిచింది. సారు ఫోను చేసి, ఇప్పుడు అన్నీ సర్దుకున్నాయి కదా, ఆ రమణమ్మ మాట ఇక అవసరం లేదు, తీసెయ్యమన్నారు. మిషనుకు అవసరం లేకపోవచ్చు, అది రమణమ్మ మాట, ఆమెను అడిగి చెబుతానన్నాను. ఇది కూడా రాసుకోండి: ఒక మనిషి గురించిన మాటను తీసేటప్పుడు, దాచేటప్పుడు, తెరిచేటప్పుడు ఆ మనిషిని అడగాలి. ఇంత చిన్న సంగతి నాకు ఆఖరి సంవత్సరాల్లో గాని అర్థం కాలేదు.

తరువాతి వారం ఆమె ఉదయగిరి వచ్చింది. ఆమె గొర్రెలకు టీకా పడింది, ఇరవైలో ఏడు సూడివి, ఈనబోతున్నాయి. జరిగిందంతా చెప్పాను. ఖాయమని చెప్పి నీకు అబద్ధమాడినాను, ఇంకెప్పుడూ ఆ మాట అనను అన్నాను.

"ఆయనకు దొరికిందా?"

"మర్రిపాడు దాకా దొరికినాది. నీది దొరకలా."

"ఎట్టా ఆపినావు?"

కంప్యూటరు తిప్పి చూపించాను. ఆమెకు చదవడం రాదు. వేలు పెట్టి చదివి వినిపించాను: రమణమ్మ, వేరు, పెంచలయ్య.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"ఇది కోర్టులో చెల్లతాదా అవ్వా?"

"చెల్లదు."

"పంచాయితీలో?"

"చెల్లదు. ఈ మిషనులో చెల్లతాది. అంతే."

"పదమూడేళ్ళుగా ఎవురూ ఒప్పుకోలా ఈ మాట. మా అమ్మ కూడా," అంది. తెర మీద ఆ మూడు ముక్కల్నీ చేత్తో తుడిచినట్టు తాకింది.

"దీన్ని తీసెయ్యమంటా ఉండారు. నువ్వు ఉంచమంటే ఉంచతా. తాళం ఎవురికి తీయమంటావు? డాక్టరు, డ్రైవరు, నువ్వు, అంతేనా?"

"చోటుకు తాళం ఉండనీ. దీనికి వద్దు."

"వద్దా? ఆయనా చూస్తాడు."

"చూడనీ. అందరూ చూడనీ."

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు. వెంటనే ఒప్పుకోలేదు. షబానాకు ఫోను చేసి, ఆ మాట ఒక్కటీ బయట పెడితే దాన్ని పట్టుకుని మిషను ఇంకేం తేల్చగలదో ఊరు, మంద, గొర్రె, డాక్టరు అన్ని వైపులా వెతికించాను. రమణమ్మ బెంచీ మీద కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కనిపెట్టుకుని ఉంది. గంట తరువాత షబానా ఫోను వచ్చింది. దాని నుంచి ఏమీ తేలదు అవ్వా, ఆమె వేరే మనిషి అన్నది తప్ప, అంది.

తాళం తీశాను.